అంగిట్లో తెలుపు

ఎడమచేత్తో కింది పెదవిని లాగి పట్టుకుని, కుడి చూపుడువేలికి చుట్టిన పత్తితో కాసులమ్మ నాలుక కింద మందు రాసుకుంటోంది. అద్దం ఆమెది కాదు. కొడుకు కన్నబాబు ఆటోకి పక్కన బిగించిన అద్దం అది. అందులో ఒకసారికి ఒక దవడ మాత్రమే కనిపిస్తుంది. అందుచేత ముందు ఎడమ దవడ లోపల రాసి, పక్కకు జరిగి మెడ వంచి కుడి దవడ లోపల రాసి, చివరకు తల వెనక్కి వాల్చి, అద్దంతో పని లేకుండా వేలి స్పర్శతోనే అంగిలికి పూసుకుంది. మందు ఊదారంగు. పెదవి మూల నుంచి ఒక చుక్క జారి చుబుకం మీద గీతలా ఆగింది.

"అమ్మా, పేసింజరు వచ్చే యేళైపోనాది. నా అద్దం నాకిచ్చేత్తావా?" అన్నాడు కన్నబాబు, సీటు మీద కూర్చుని.

ఆమె నోటినిండా మందు ఉంది. కాసేపు ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తింది.

"ఎనకాల లారీ వత్తందో నేదో సూద్దారని అద్దంలోకి సూత్తే, నీ నోరే అవుపడతంది నాకు."

ఆమె పెదవులు బిగించే నవ్వింది. అతను ఆటో తీసుకుని గవరపాలెం సందులోంచి స్టేషను వైపు వెళ్ళిపోయాడు.

తెల్లవారక ముందే ఆమె పెరట్లో వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేదు. పసుపుపచ్చని నీళ్ళు మాత్రం వచ్చాయి. పొయ్యిలోని బూడిద తెచ్చి దానిమీద చల్లి, చీపురుతో కప్పేసింది. కోడలు పావని చూస్తే కొడుక్కి చెబుతుంది. కొడుకు వింటే బెల్లం యార్డుకు పనికి పంపడు. ఫాల్గుణమాసం, బెల్లం రాబడి ఉధృతంగా ఉన్న రోజులు. యార్డులో గోనెలు కుట్టే అరుగు మీద స్థలం ఎవరి పేరా రాసి ఉండదు. రోజూ వచ్చి కూర్చునేవారిది అది. వరసగా కొన్నాళ్ళు ఖాళీగా కనిపిస్తే, గేటు బయట ఎదురుచూసే వాళ్ళలో ఒకరిని గుమస్తా లోపలికి పిలుస్తాడు. పిలిచాక మళ్ళీ లేపడం అక్కడి మర్యాద కాదు. కాసులమ్మకు ఆ స్థలం అత్తగారి నుంచి వచ్చింది. ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య దాటి రాబడి పలచబడేవరకు దాన్ని నిలుపుకోవడం ఒక్కటే ఆమె ఆ నెలలో కోరుకున్నది. ఆ తర్వాత వేసవంతా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. వాంతికి కారణం రాత్రి నోట్లో పూసుకున్న మందు కడుపులోకి పోవడమేనని తనకు తాను చెప్పుకుంది.

పావని గంజిలో ఉప్పు వేసి గ్లాసుతో ఇచ్చింది. సగం తాగి, మిగిలింది దండెం కింద ఉన్న కుండీలో పోసి, కాసులమ్మ బయలుదేరింది.

యార్డుకి నడిచే దారిలో ఆమె రెండుచోట్ల ఆగింది. మొదటిసారి కరెంటు స్తంభాన్ని పట్టుకుని, రెండోసారి మూసి ఉన్న కొట్టు మెట్టు మీద కూర్చుని. కూర్చుంటే బాగానే ఉండేది. లేవగానే కళ్ళముందు నల్లటి తెర పడి, చెవుల్లో హోరు పుట్టి, కొంతసేపటికి తెర తొలగేది. మోకాళ్ళ నొప్పి కూడా ఉంది. కాని నొప్పి ఆమెకు పాత పరిచయం. ఈ తెర కొత్తది.

అనకాపల్లి చుట్టుపక్కల శ్రమచేసే ఆడవాళ్ళలో చాలామంది చుట్టను తిరగేసి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ అలవాటుకు ఎన్ని కారణాలైనా చెప్పవచ్చు. కాసులమ్మ విషయంలో మాత్రం కారణం గోనెలు. దూరప్రాంతాలకు వెళ్ళే బెల్లం దిమ్మలను గోనెపట్టాలో చుట్టి, దబ్బనంతో కుట్టి లారీకి ఎక్కిస్తారు. గోనె, పురికొస, ఎండుగడ్డి గుట్టలుగా ఉన్న చోట ఒక్క రవ్వ పడితే అరుగంతా అంటుకుంటుంది. నిప్పు నోట్లో ఉంటే రవ్వ బయటపడదు, గాలికి ఆరదు, బూడిద బెల్లం మీద రాలదు, రెండు చేతులూ దబ్బనానికీ తాడుకీ ఖాళీగా ఉంటాయి. అత్తగారు ఆమెకు కుట్టుపనినీ అడ్డపొగనూ ఒకే ఏడాది నేర్పింది, రెండూ ఒకే పనిలో భాగాలన్నట్టు.

అలా ఏళ్ళ తరబడి వేడి తగిలిన అంగిలి తెల్లబడి దళసరెక్కుతుంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి. అరుగు మీద కూర్చునే వాళ్ళలో సగం మందికి అది ఉంది. ఎవరూ దాన్ని జబ్బుగా ఎంచలేదు. ఎడ్లను తోలే మనిషి అరచేతికి కాయ కాసినట్టే, చుట్ట కాల్చే మనిషి అంగిలి తెల్లబడుతుంది అనుకునేవారు. తర్వాత జరిగినదానికి మొదటి మెట్టు ఇదే. కిందటి కార్తీకంలో ఆమె నోట్లో కొత్త తెలుపు పుట్టినప్పుడు, పాత తెలుపు దాన్ని దాచిపెట్టింది.

పాత తెలుపు గీకినా ఊడదు. కొత్తది కొంగుతో తుడిస్తే పాలమీది మీగడలా వచ్చేసేది; అడుగున పచ్చిపుండులాంటి ఎర్రదనం బయటపడేది. అది అంగిలితో ఆగలేదు. నాలుక, దవడల లోపలి భాగం, మింగేటప్పుడు గొంతు కూడా మండేవి. చింతపండు పులుసు మానేసింది. తర్వాత మిరపకాయ మానేసింది. చివరకు బెల్లం నమిలినా తడిమట్టి నమిలినట్టుండేది. వేడి చేసిందని ఒకరు మజ్జిగ తాగమన్నారు, ఇంకొకరు సబ్జా గింజలు నానబెట్టుకోమన్నారు. తేనె రాసుకోమన్నవాళ్ళూ ఉన్నారు. రుచి తెలియకపోయినా, రాలిన బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే మంట కాస్త చల్లారినట్టు అనిపించి, ఆమె రోజంతా అలాగే పెట్టుకునేది. నోట్లో పెరుగుతున్నది ఒక రకమైన బూజు అనీ, తీపి దానికి ఎరువనీ ఆ అరుగు మీద ఎవరికీ తెలియదు.

చుట్టే కారణమని అందరూ అన్నారు. పక్కన కూర్చుని కుట్టే మరిడమ్మ, వరసకు ఆడపడుచు, ఆ మాట హాస్యానికే అంది: "పొగ మానేయే వదినా. నీ వాటా కూడా నానే కాలుత్తాను."

ఆ సాయంత్రమే కాసులమ్మ చుట్టల కట్ట మొత్తం పొయ్యిలో వేసింది. మళ్ళీ ముట్టలేదు. మరిడమ్మ కూడా అప్పుడు మానాలని చూసింది. చుట్టను సగానికి విరిచి, పొద్దున ఒక సగం, సాయంత్రం ఒక సగం అని మొదలుపెట్టింది. నెల తిరగకముందే రెండు సగాలూ పొద్దున్నే అయిపోయేవి, సాయంత్రానికి కొత్త చుట్ట వచ్చేది.

"తెగ్గొట్టాల మరిడీ," అనేది కాసులమ్మ. "సాగదీత్తే మళ్ళీ అతుక్కుంటాది."

ఆమె స్వభావం అంతే. ఒకసారి మాటపట్టింపు వచ్చి తమ్ముడింటికి వెళ్ళడం మానేసింది. అతని గృహప్రవేశానికి కూడా వెళ్ళలేదు. భర్త సత్తియ్య, అదే యార్డులో దిమ్మలు మోసే కలాసీ, పోయినప్పుడు పదో రోజు దాటాక ఆమె మళ్ళీ ఏడవగా ఎవరూ చూడలేదు. చుట్ట మానడంలో దక్కిన గెలుపు ఆ స్వభావాన్ని ఇంకా గట్టి చేసింది. తెలుపు మాత్రం పోలేదు. ఇన్నేళ్ళ పొగ ఒక్కరోజులో పోతుందా అని నలుగురూ సర్దిచెప్పారు. ఆమె నమ్మింది.

ఆమె యార్డు చేరేసరికి ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. కలాసీలు దిమ్మలను భుజాల మీద మోసుకువచ్చి, రాతి గచ్చు మీద వరసలుగా పేరుస్తున్నారు. ఎండ ఇంకా రేకుల కిందికి రాలేదు. బెల్లం వాసన, గోనె వాసన, తడి గచ్చు వాసన కలిసి ఉన్నాయి. కాసులమ్మ తన స్థలంలో గోనెపట్టా మడిచి వేసుకుని, ఎడమ మోకాలు గచ్చుకు ఆనించి, కుడి మోకాలు ఎత్తి, ఆ రెంటి మధ్య దిమ్మను బిగించి కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె కూర్చున్న తీరు అది. దబ్బనాన్ని గోనె అంచులో గుచ్చి, బొటనవేలితో తోసి, అవతల నుంచి మొన పట్టుకుని లాగింది. పురికొస గరగరమంటూ వెంట వచ్చింది.

"ఏటత్తా," అన్నాడు కలాసీ పైడిరాజు, భుజం మీద దిమ్మతో అటుగా పోతూ ఆమె పెదవుల రంగు చూసి. "ఈ కాలంలో నేరేడుపళ్ళు నీకెక్కడ దొరికినాయి?"

"నీ పెళ్ళాం పంపినాది. నీకెట్టొద్దని మరీమరీ సెప్పినాది."

అరుగంతా నవ్వింది. గుమస్తా త్రినాధరావు కొట్టులోంచి తల బయటపెట్టాడు.

"నవ్వులు సాలమ్మా. పొద్దు గూకేలోపల లారీ కటకం దారి పట్టాల."

"మీరు కూడా వచ్చి రెండు కుట్లెయ్యండి బాబూ," అంది మరిడమ్మ. "లారీ ఎగిరి ఎల్లిపోద్ది."

త్రినాధరావు తల లోపలికి పోయింది.

ఆ కూర్చునే తీరే అన్నిటికీ మూలం. చలికాలపు రాతిగచ్చు, మడిచిన మోకాలు, దానిమీద దిమ్మ బరువు. మూడేళ్ళ కిందట మోకాళ్ళు రెండూ వాచి, పొద్దున గోడ పట్టుకోనిదే లేవలేని స్థితి వచ్చింది. సందు మొదట్లో నూకరాజు గది ఉంది. అతను చదివిన డాక్టరు కాడు. ఒక నర్సింగ్ హోములో కాంపౌండరుగా చాలాకాలం చేసి, తర్వాత సొంతంగా ఒక బల్ల, ఒక సూదుల డబ్బా పెట్టుకున్నాడు. కాసులమ్మ మోకాళ్ళు నొక్కి చూసి, కాగితం పొట్లంలో రెండు రకాల బిళ్ళలు ఇచ్చాడు. వాటిలో ఒకటి చిన్నది, తెల్లది. మర్నాడు ఆమె గోడ పట్టుకోకుండా లేచింది. పొట్లం అయిపోయాక నొప్పి తిరిగి వచ్చింది. అతను ఈసారి తెల్లబిళ్ళల అట్టే ఇచ్చాడు. అది కూడా కొన్నాళ్ళకేనన్నాడు. అది అయిపోయాక ఆమె అతని దగ్గరకు వెళ్ళడం మాని, ఖాళీ అట్టను మందుల షాపులో చూపించి అలాంటిదే తెచ్చుకోసాగింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. నూకరాజు మోసగాడు కాడు. అతని దగ్గరికి వచ్చేవాళ్ళందరూ మర్నాడు పనిలో ఉండవలసినవాళ్ళు. రేపటికి నిలబెట్టే మందు అడిగారు. అతను రేపటికి నిలబెట్టే మందే ఇచ్చాడు.

ఆ తెల్లబిళ్ళ వాపును అణిచింది. వాపుతోపాటు, శరీరం తన్ను తాను కాపాడుకునే శక్తిని కూడా కొంచెం కొంచెంగా అణిచింది. ఆ శక్తి సరిగ్గా ఉన్నంతకాలం మనుషుల నోట్లో కనపడకుండా పడి ఉండే బూజు, అది సన్నగిల్లేసరికి పైకి వచ్చింది. ఇంకొకటి కూడా జరిగింది; దానికి పైకి కనిపించే గుర్తు లేదు. ఒంటికి రోజూ కావలసిన ఒక సారాన్ని శరీరమే తయారు చేసుకుంటుంది. అలాంటిదే బిళ్ళ రూపంలో బయటి నుంచి దండిగా వచ్చిపడుతుంటే, ఏళ్ళు గడిచేకొద్దీ శరీరం ఆ తయారీ మానుకుంటుంది. కాసులమ్మ శరీరం మానుకుంది. ఈ లోగా ఆమె ముఖం గుండ్రబడింది, చెంపలు నిండాయి. కాసులమ్మకు ఒళ్ళొచ్చిందని, కొడుకు బాగా చూసుకుంటున్నాడని వీధిలో అనుకున్నారు. ఆమె కూడా సంతోషించింది.

మాఘం చివర్లో యార్డులో క్యాంపు జరిగింది. అడ్డపొగ తాగే ఆడవాళ్ళ నోళ్ళు పరీక్షించడానికి పట్నం నుంచి డాక్టర్లు వచ్చారు. వేలంపాట షెడ్డులో బల్లలు వేశారు, మైకు పెట్టారు. కాసులమ్మ వంతు వచ్చినప్పుడు ఒక చిన్న వయసు డాక్టరమ్మ టార్చిలైటు వేసి చూసింది. గాజుగుడ్డతో నాలుక తుడిచింది. తెలుపు గుడ్డకు అంటింది. మళ్ళీ చూసింది.

"చుట్ట ఎప్పుడు మానేశారు?"

"కార్తీకం నించి ముట్టనేదమ్మా."

"మందులేమైనా వాడుతున్నారా?"

"నేదు తల్లీ. నాకు జబ్బులేటీ నేవు."

ఆమె అబద్ధం చెప్పలేదు. జబ్బుకు వేసుకునేది మందు; మోకాళ్ళ బిళ్ళ, పొద్దున టీ లాగా, పనికి వెళ్ళేముందు వేసుకునేది. రెండూ ఒకే మాట కిందకి వస్తాయని ఆమెకు తోచలేదు. డాక్టరమ్మ ఊదారంగు మందుసీసా ఇచ్చింది. దాన్ని దాచుకోవడానికి కాసులమ్మ బొడ్లోంచి గుడ్డసంచి తీసి మూతి విప్పింది. సంచిలో బిళ్ళల అట్ట ఉంది.

"ఇదేమిటమ్మా?"

"మందు కాదమ్మా అది. మోకాళ్ళ బిళ్ళ."

"రోజూ వేసుకుంటారా?"

"రోజూనమ్మా. నేపోతే లెగనేను."

డాక్టరమ్మ అట్టను వెలుతురులో తిప్పి చదివింది. ఆమె ముఖంలో కోపం లేదు. కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని మాట్లాడింది.

"మీ నోరు ఇలా అవడానికి ఇప్పుడు పొగ కాదు, ఈ బిళ్ళ కారణం. లోపలి శక్తిని తగ్గించేసింది. సుగర్ కూడా పెరిగి ఉండొచ్చు, పరీక్ష చేయించాలి. కానీ ఒక్కమాట జాగ్రత్తగా వినండి. దీన్ని ఒక్కసారిగా ఆపెయ్యకూడదు. ముందు సగం, కొన్నాళ్ళకి అందులో సగం, అలా మేము చూస్తుండగా తగ్గించాలి. ఒక్కసారి ఆపితే ప్రాణానికే ప్రమాదం. సోమవారం పెద్దాసుపత్రికి రండి. అర్థమైందా?"

"అర్దమైనాదమ్మా."

"ఆపేస్తారా ఒక్కసారి?"

"ఆపనమ్మా."

వెనక వరసలో ఉన్నవాళ్ళు ముందుకు తోసుకుంటున్నారు. కాసులమ్మ లేచి వచ్చేసింది.

ఆమెకు అర్థం కాలేదని అనడానికి వీల్లేదు. ప్రతి మాటా వింది. ఇంటికి వెళ్ళాక పావనికి సగం, అందులో సగం అని వివరించి చెప్పింది కూడా. వినడం, నమ్మడం అయ్యాక, నమ్మినదాన్ని తనకు తెలిసినదాని పక్కన పెట్టి చూసింది. చుట్టను సగం చేసినవాళ్ళు ఏమయ్యారో ఆమె కళ్ళారా చూసింది. పొయ్యిలో వేసిన తాను ఏమైందో కూడా చూసింది. ప్రాణానికి ప్రమాదమన్న మాటను, చుట్ట మానిన కొత్తలో పడిన వేదనతో సరిపోల్చుకుంది: అప్పుడూ చేతులు వణికాయి, అప్పుడూ నిద్ర పట్టలేదు, ఓర్చుకుంటే పోయింది. సగాలు చేసుకోవడం మెత్తటివాళ్ళకు చెప్పే మాట అనుకుంది. మర్నాడు యార్డు గేటు పక్క కాలవలో అట్టను పడేసింది. సోమవారం ట్రాక్టర్లు ఎక్కువగా వచ్చాయి. ఆసుపత్రికి వెళితే స్థలం ఖాళీగా కనపడుతుంది. వెళ్ళలేదు.

ఊదారంగు మందు పనిచేసింది. వారం తిరిగేసరికి మీగడలాంటి తెలుపు పలచబడింది. గొంతు మంట పోయింది. తన లెక్క సరిపోయిందని ఆమె అనుకోవడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మోకాళ్ళు వాచాయి. అది ఎదురుచూసినదే. ఒళ్ళు నీరసించడం, వికారం, కళ్ళముందు తెర, వీటన్నిటినీ బిళ్ళ వదిలిపోతున్న బాధగా జమకట్టుకుంది. చుట్టకు ఒక నెల పట్టింది. దీనికీ ఒక నెల. ఆ నెల అరుగు మీదే గడిపెయ్యాలి. అంతే.

వేలంపాట ముగిసేసరికి ఎండ రేకుల మీద గట్టిగా పడుతోంది. కొనుగోలుదార్లు దిమ్మ దిమ్మకూ ఆగి, ఇనుపచువ్వతో అంచు గిల్లి, రంగు చూసి, రుచి చూసి వెళ్ళారు. గిల్లినప్పుడు రాలిన ముక్కలు పనివాళ్ళవి. అక్కడ కూర్చుని ఎంతైనా తినవచ్చు, గేటు దాటించకూడదు. కాసులమ్మ ముందు అప్పుడే గిల్లిన దిమ్మ ఒకటి ఉంది. తేనెరంగులో, లోపల పలుకు తేలి, మంచి సరుకు. దాని పక్కన అరచేతిలో సగం ఉన్న పెళ్ళ రాలి ఉంది. అలవాటుగా తీసి మూల కొరికింది.

దవడ ఆగిపోయింది. ముందు కొద్దిగా ఉప్పదనం. దాని వెనక తీపి, నాలుక రెండు అంచుల నుంచి గొంతు దాకా. ఆ తర్వాత, నమిలేకొద్దీ, చెరుకురసం పెనంలో మరిగేటప్పుడు పట్టే పొగ కమ్మదనం. ఆమె కళ్ళు మూసుకుని మెల్లగా నమిలింది.

"ఓలే మరిడీ."

"ఏటి?"

"తీపి తెలస్తంది."

"బెల్లం తీపి కాపోతే సేదుంటాదేటి?"

"నీకేటి తెల్సు. కార్తీకం నించీ మన్ను తిన్నాను నాను."

మరిడమ్మ నోట్లోని చుట్ట తీసి, బూడిద పక్కన దులిపి, ఆమెవైపు చూసింది.

"నోరు బాగానే ఉన్నాది గానీ, మొకం పీక్కుపోనాదేటే వదినా? ఇంటికి పోరాదూ. గుమస్తాకి నాను సెప్తాను."

"నువ్వు సెప్తే ఆడు రేపే ఇంకోదాన్ని కూకోబెడతాడు. అమాస దాకా ఓర్సుకుంటే అయిపోద్ది."

"గుమ్మిడికాయలా ఉండే మొకం..."

"ఆ వొళ్ళు మంచి వొళ్ళు కాదంట. బిళ్ళ వొళ్ళంట. పోతే పోనీ." కాసులమ్మ మిగిలిన పెళ్ళను వెనక గోడకున్న గూట్లో, మంచినీళ్ళ కుండ పక్కన పెట్టింది. "అది ముట్టీకు. పనైనాక తింటాను. సాయంత్రం పూడిమడక సేపల మనిసి వత్తే ఎండు నెత్తళ్ళు తీసుకోవాల. పావని సేత పులుసెట్టిత్తాను, మిరపకాయలు గట్టిగా ఏసి. నోరు సచ్చిపోయి ఎన్నాళ్ళైనాదో."

"నాకూ ఓ గిన్నెడు అట్టిపెట్టు."

"నీ పొగనోటికి రుసేటి తెలుత్తాది?"

మరిడమ్మ చుట్టను మళ్ళీ లోపలికి తిప్పి పెట్టుకుంది. ఇద్దరూ కుట్టసాగారు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు కాసులమ్మ టిఫిను గిన్నె తెరవలేదు. నీళ్ళు తాగింది; గోడ పట్టుకుని నీళ్ళ గొట్టం దాకా వెళ్ళి, తాగినవి కక్కి, ముఖం కడుక్కుని వచ్చింది. వచ్చేటప్పుడు పైడిరాజు ఎదురుపడి చెయ్యి అందించబోతే, నాకేం ముసలితనం రాలేదని కసిరింది. మళ్ళీ కూర్చుని దిమ్మను మోకాళ్ళ మధ్యకు లాక్కుంది. ఈసారి ఆ బరువు ఆమెకు కదల్లేదు. మరిడమ్మ చెయ్యివేసి జరిపింది.

లారీకి ఇంకా చాలా దిమ్మలు కుట్టాలి. అరుగు మీద మాటలు తగ్గి, దబ్బనాలు గోనెలో గుచ్చుకునే చప్పుడు, తాళ్ళ గరగర మాత్రం వినిపిస్తున్నాయి. కాసులమ్మ ఒక పక్క అంచు పూర్తిచేసి, మూల తిప్పి, రెండో పక్క మొదలుపెట్టింది. మూడు నాలుగు కుట్లు వేసి, దబ్బనాన్ని గోనెలోనే ఉంచి, వెనక కుట్టి పేర్చిన దిమ్మల వరసకు వీపు ఆనించింది. మరిడమ్మ తన కోడలు తెల్లవారి ఎంత పొద్దెక్కి లేస్తుందో చెప్పుకుపోతోంది. చెప్పడం పూర్తిచేసి, సమాధానం కోసం చూడకుండా ఇంకో కథ ఎత్తుకుంది. కాసులమ్మ ఊఁ కొట్టడం లేదని కొంతసేపటికి గమనించింది. కునుకు పట్టిందనుకుంది. గుమస్తా చూస్తే అరుస్తాడని, తన శరీరాన్ని కాస్త ముందుకు జరిపి ఆమెకు అడ్డుగా కూర్చుంది.

త్రినాధరావు లెక్క చూసుకోవడానికి వచ్చినప్పుడు, మరిడమ్మ వెనక్కి చెయ్యి చాచి ఆమె భుజం కుదిపింది. భుజం చల్లటి చెమటతో తడిగా ఉంది. తల పక్కకు వాలింది. పెదవులు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. లోపల అంతా ఊదారంగు.

పైడిరాజూ ఇంకో కలాసీ ఆమెను గోనెపట్టా మీద ఎత్తి గేటు దాకా తెచ్చారు. ఎవరో సెల్లు కొడితే కన్నబాబు ఆటో స్టాండులోంచి వచ్చాడు. ఆసుపత్రిలో చూసిన డాక్టరు, దారిలోనో అంతకు ముందో పోయిందని చెప్పాడు. రాసుకోవడానికి కొన్ని ప్రశ్నలు అడిగాడు: సుగర్ ఉందా, బీపీ ఉందా, ఏమైనా మందులు వాడేదా.

"నోటికి రాసుకునే మందు తప్ప ఏ మందులూ వాడదు సార్," అన్నాడు కన్నబాబు. "సుట్ట కూడా మానేసినాది."

గుండె ఆగడం వల్ల అని డాక్టరు రాశాడు. కన్నబాబు చెప్పిన రెండు మాటలూ ఆ రోజుకి నిజమే.

యార్డు మాత్రం తన కారణం తాను వెతుక్కుంది. దినం నాడు గవరపాలెంలో వడ్డన దగ్గర మొదలై, వారం లోపల అరుగంతా పాకింది ఆ మాట. ముందు అన్నది మరిడమ్మే. అన్నప్పుడు ఆమె నిజంగానే ఏడుస్తోంది.

"ఒక్కపాలి తెగ్గొట్టేసినాది. ఇన్నేళ్ళ నించి అలవాటైన ఒళ్ళు తట్టుకుంటాదేటి? నానే మానమన్నాను. నవ్వులాటకన్నాను తల్లీ, నానే."

ఆమె అన్నది చుట్ట గురించి. పావని ఆ మాట విని, గిన్నె పట్టుకుని వడ్డన మధ్యలో ఆగింది. బిళ్ళ గురించి అత్త చెప్పిన సగం, అందులో సగం ఆమెకు గుర్తుకు వచ్చినట్టుంది. కాని అత్త అట్ట పారేసిన సంగతి ఆమెకు తెలియదు. లోపలికి వెళ్ళిపోయింది. క్యాంపు తర్వాత చుట్ట తగ్గించిన ఆడవాళ్ళు అరుగు మీద నలుగురైదుగురు ఉన్నారు. ఆ మాట విన్నాక, నెల తిరిగేలోపల వాళ్ళందరూ మళ్ళీ మునుపటి లెక్కకే వచ్చారు. నూకరాజు గదిలో తెల్లబిళ్ళల పొట్లాలు ఎప్పటిలాగే కట్టబడ్డాయి.

కాసులమ్మ పోయిన రోజు సాయంత్రమే, కొంచెం ఆలస్యంగానైనా, లారీ కటకం దారి పట్టింది. ఆమె సగం కుట్టి వదిలిన దిమ్మను మరిడమ్మ పూర్తిచేసింది. మూడో రోజున, నాతవరం నుంచి వచ్చి గేటు బయట ఎదురుచూస్తున్న మణి అనే ఆమెను త్రినాధరావు లోపలికి పిలిచాడు. ఆమె గోనెపట్టా మడిచి వేసుకుని, ఎడమ మోకాలు గచ్చుకు ఆనించి కూర్చుంది. దాహం వేసి వెనక గూట్లోని కుండ కోసం చెయ్యి చాచినప్పుడు, దాని పక్కన ఒక బెల్లం పెళ్ళ తగిలింది. తీసి చూసి, ఎవరిదో అనుకుని, ఉన్నచోటే పెట్టేసింది. తేనెరంగు పెళ్ళ, ఒక మూల కొరికి ఉంది. కొరికిన చోట రెండు పళ్ళ గుర్తులు, ఊదారంగులో.